డ్రాఫ్టు నువ్వే రాసుకురా

మా పిన్ని ఇరవై రెండేళ్లు మెదళ్లను కోసింది. ఇది అలంకారం కాదు, ఉద్యోగ వివరణ. వైద్య కళాశాల శరీర నిర్మాణ విభాగంలో, రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఆమె టెక్నీషియన్. ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడులోంచి అగ్గిపెట్టెలో సగం ఉండే ముక్కను తీసి, అందులోని నీరంతా పోయేదాకా ఆల్కహాల్‌లో ఉంచి, కరిగిన మైనంలో దిమ్మగా పోసి, ఆ దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పేది. చుట్టుకొకటి చొప్పున, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలు ఒకదాని అంచును ఒకటి పట్టుకుని రిబ్బనులా దిగుతాయి. ఆ రిబ్బనును తడి బ్రష్షుతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద పరిస్తే ముడతలు వాటంతట అవే విప్పుకుంటాయి. అప్పుడు అడుగు నుంచి గాజు పలకను జార్చి పైకి తీయాలి. రిబ్బను నీటి మీద ఉన్నంతసేపూ గదిలో గాలి కదలకూడదు. ఆ గది తలుపుకు పిన్ని అతికించిన కాగితం ఇప్పటికీ ఉంది: "తుమ్ము వస్తే బయటే తుమ్మి రండి."

విభాగంలో ఆమెను అందరూ కోతలక్క అంటారు. తన గురించి ఒక్క గొప్ప మాట కూడా చెప్పుకోలేని మనిషికి ఇంతకంటే తగని పేరు దొరకదని ఆఫీసు గుమాస్తా నవ్వుతూ ఉంటాడు.

ఆమెకు ఎవరూ అప్పగించని పని ఒకటుంది. మెదడు కాండంలో రెండు పక్కలా నీలి మచ్చ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. రోజూ పని ముగిశాక, బస్సు వేళకు ముందు మిగిలే అరగంటలో, ఆ కణాలను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకునేది. పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. కుడివైపు లెక్కకూ ఎడమవైపు లెక్కకూ తేడా ఎందుకు వస్తోంది? తప్పు తన లెక్కదా, లేక మెదడు తీరే అంతా? ఆమె తెలుసుకోదలచింది ఇదొక్కటే. దాన్ని తెలుసుకునే పద్ధతి నేర్పే చదువు ఒకటుందనీ, దాని పేరు న్యూరోసైన్స్ అనీ, పరిశోధనా సంస్థలో ఆ ఎమ్మెస్సీకి పనిలో ఉన్న టెక్నీషియన్ల కోసం ఒక సీటు కేటాయించారనీ కిందటి ఏడాది తెలిసింది. వయోపరిమితి నలభై ఏడు. పిన్ని వయసు అప్పటికి నలభై ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలు. అంటే ఆమెకున్న అవకాశం ఒక్కటే, ఒక్కసారే.

బాబాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. దరఖాస్తు ఫారం చూసి ఆయన చేతులెత్తేశాడు.

"ఇన్నేళ్లు మెదళ్లు కోసింది చాలక, ఇప్పుడు మెదడు గురించి చదువుతుందట. నేను ముప్పై ఏళ్లుగా అద్దాలు అరగదీస్తున్నాను, ఏనాడైనా కన్ను గురించి చదువుతానన్నానా?"

"అనాల్సింది," అంది పిన్ని. "పోయిన నెల నా అద్దాలు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించావు. మూడు రోజులు మెట్లు తడుముకుంటూ దిగాను."

ఫారం పంతొమ్మిది పేజీలు. నింపడానికి నన్ను కూర్చోబెట్టుకుంది, ఇంట్లో నిబంధనలను చివరిదాకా చదివే ఓపిక ఉన్నది కోర్టుల చుట్టూ తిరిగే నాకేనని ఆమె నమ్మకం. నిజానికి నాకు లేనిది ఓపికే. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ప్రజలను అడగకూడని ప్రశ్నలు అందులో కనీసం ఏడున్నాయి. ఆరో ప్రశ్న: "మీ జీవితంలో ఎదుర్కొన్న వైఫల్యాన్ని వంద పదాలకు తగ్గకుండా వివరించండి."

"వంద పదాలకు సరిపడా వైఫల్యం నా దగ్గర లేదే," అంది పిన్ని దిగులుగా. "స్లైడ్లు మూడు పగిలాయి. అంతే."

"బాగా ఆలోచించు పిన్నీ. ఇంకేం లేదా?"

"మీ బాబాయి గురించి రాయమంటావా?"

"విన్నానే!" అన్నాడు బాబాయి పక్కగదిలోంచి.

స్లైడ్ల గురించే రాశాం. ఒక్కో స్లైడుకు ముప్పై నాలుగు పదాలు వచ్చాయి.

అసలు చిక్కు పద్నాలుగో అంశం దగ్గర మొదలైంది. అభ్యర్థి పరిశోధనా సామర్థ్యాన్ని స్వయంగా ఎరిగిన ముగ్గురు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు, మూసిన కవర్లలో, కవరు మడతకు అడ్డంగా సంతకంతో జతపరచాలి. దీన్నొక చిక్కుగా ఎవరూ అనుకోరు. ఆ విభాగం ఆనవాయితీ తెలిస్తే తప్ప.

అక్కడ సిఫారసు లేఖ కావలసిన విద్యార్థి ప్రొఫెసరు గదికి వెళ్తాడు. ప్రొఫెసరు "తప్పకుండా. డ్రాఫ్టు రాసుకురా, సంతకం పెడతాను," అంటాడు. విద్యార్థి తన గురించి తాను ఏం రాసుకోవాలో తోచక మెట్ల పక్క గదికి వస్తాడు. ఎవరి చేయి వణుకుతుందో, ఎవరు అడగకుండానే నీళ్ల తొట్టి కడుగుతారో, ఎవరు కనబడని దాన్ని కనబడిందని రాస్తారో ఆ భవనం మొత్తంలో తెలిసినది కోతలక్కకే కనుక, ఆమె ఒక కాగితం తీసుకుని, పేజీ దాటకుండా రాసిస్తుంది. కింద ప్రొఫెసరు సంతకం పెడతాడు. చదవడు. పదిహేడేళ్లుగా ఆ విభాగం నుంచి వెళ్లిన ప్రతి సిఫారసూ పిన్ని రాసిందే. పనికిరాని విద్యార్థి వస్తే, "నీ గురించి నాకు సరిగా తెలియదు బాబూ, ఇంకెవరినైనా అడుగు," అని పంపేసేది. ఇంకెవరూ లేరు కనుక వాళ్లకు లేఖ ఉండేది కాదు. ఆ విధంగా ఒక విభాగపు విద్వత్తునంతా ఏ అధికారమూ లేని ఒక మనిషి జల్లెడ పడుతోందన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

ఇప్పుడు ఆమె తన లేఖల కోసం బయలుదేరింది.

మొదట విభాగాధిపతి. అందరూ పెద్దసార్ అంటారు. విషయం విని ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"నువ్వా? చదువుకా? చాలా మంచి మాట! నీలాంటివాళ్లే చదవాలమ్మా. డ్రాఫ్టు రాసుకురా, సంతకం పెడతాను."

తరువాత అసోసియేట్ ప్రొఫెసరు, చిన్న మేడమ్. ఆవిడ ఒక చెవిలో ఫోను, ఇంకో చేతిలో జవాబు పత్రాల కట్ట. "అయ్యో, మీకు రాయకపోతే ఇంకెవరికి రాస్తాను అక్కా! కోతలక్కని అడిగి డ్రాఫ్టు..." అంటూ ఆగి, ఎదురుగా ఉన్నదెవరో చూసి, "అదే, మీరే రాసేయండి," అంది.

మూడో ఆయన ఎనిమిదేళ్ల కిందటే పదవీ విరమణ చేశాడు. అయినా రోజూ వస్తాడు. ఆయన కుర్చీ ఇంకా విభాగంలోనే ఉండడం దానికి కారణం. పనికిరాని సామాను తొలగించే కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆయన వెళ్లాక ఆ కమిటీ మళ్లీ సమావేశం కాలేదు, కాబట్టి కుర్చీ కదలలేదు. కుర్చీ ఉంది కాబట్టి ఆయన వచ్చి కూర్చుంటాడు. పత్రిక మడిచి అన్నాడు: "నేను రాస్తే చెల్లుతుందా?"

"ప్రొఫెసరు అయి ఉండాలన్నారు సార్. ఇప్పుడు కూడా అయి ఉండాలని అనలేదు."

"అయితే రాసుకురా."

ఇంటికి వచ్చి పిన్ని తెల్ల కాగితం ముందు కూర్చుంది. పదిహేడేళ్లలో నలభై మందికి పైగా విద్యార్థులను పైకెక్కించిన చేయి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. చూడలేక నేనొక లేఖ రాసిచ్చాను: అసమాన నైపుణ్యం, అచంచల నిష్ఠ, అపూర్వ జిజ్ఞాస. ఆమె కళ్లజోడు సవరించుకుని చదివి, పెన్సిలు తీసుకుంది.

"అసమానమని ఎలా తెలుసు? ఎవరితో పోల్చారు?"

"పిన్నీ, సిఫారసులో అలాగే రాస్తారు."

"నేనెప్పుడూ అలా రాయలేదు. అచంచలం అట! కిందటి వారం మూడు గంటలు ముందే ఇంటికొచ్చి పడుకున్నాను. సాక్ష్యం లేకుండా రాయకూడదని నువ్వే చెబుతావు కదే?"

నా ఆయుధాన్ని నా మీదికే తిప్పింది.  మూడు రోజుల తరువాత ఆమె మూడు లేఖలూ తానే పూర్తిచేసి చూపించింది.

పెద్దసార్ లేఖ ఇలా ఉంది: "ఈ అభ్యర్థి నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసనడం సరికాదు. ఆమె గది నా గదికి నలభై అడుగుల దూరంలో ఉంది. నేను ఆ గదిలోకి నాలుగుసార్లు వెళ్లాను. మూడుసార్లు చేతులు కడుక్కోవడానికి. నా వ్యాసాల్లోని చిత్రాలన్నీ ఆమె కోసిన పొరలవే. ఆమె పరిశోధనా సామర్థ్యం గురించి నాకు అభిప్రాయం లేదు. ఎన్నడూ అడగలేదు కనుక తెలియదు."

చిన్న మేడమ్ లేఖ: "ఈమె పని బాగుంటుందనే అనుకుంటాను. బాగుండకపోతే నాకు వెంటనే తెలిసేది. బాగున్నప్పుడు ఎవరు చేశారో నేను గమనించను."

పదవీ విరమణ చేసినాయన లేఖ: "నేను ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగం నుంచి విరమించాను. ఈమె రోజూ ఉదయం నమస్కారం పెడుతుంది. నా కళ్లజోడు కనబడకపోతే వెతికి ఇస్తుంది. ఎక్కువగా నా తల మీదే దొరుకుతుంది."

"పిన్నీ!" అన్నాను. "ఇవి సిఫారసులా, అభియోగ పత్రాలా?"

"అందులో అబద్ధం ఒక్కటి చూపించు."

"ఒక్కటీ లేదు. అదే నా గొడవ. వీటితో నీకు సీటు వస్తుందా?"

"రాదేమో," అంది.  "కానీ వేరేలా ఎలా రాయనే? పిల్లల గురించి రాసినప్పుడు నేను చూసింది రాశాను, సంతకం ఒక్కటే వాళ్లది. నన్ను నేను ఎక్కణ్ణుంచి చూసుకుంటాను? నన్ను చూడాల్సినవాళ్లు వాళ్లు. వాళ్లు ఎంత చూశారో అంతే రాశాను."

ఆమె వాళ్లకు లేఖలు చూపించలేదని కాదు, చూపించింది. పెద్దసార్ ఫోనులో మాట్లాడుతూనే కలం అందుకున్నాడు.

"బాగా రాశావా?"

"ఉన్నది ఉన్నట్టు రాశాను సార్."

"అదీ! అలా ఉండాలి." సంతకం పెట్టాడు.

చిన్న మేడమ్ సంతకం సుద్దముక్కలు కావాలన్న ఇండెంటుకూ సెలవు చీటీకీ మధ్య పడింది. పదవీ విరమణ చేసినాయన మాత్రం కళ్లజోడు తల మీంచి దించి, ఒక్కో వాక్యాన్నీ వేలితో అనుసరిస్తూ ఇరవై నిమిషాలు చదివాడు.  చివరికి ఆయన "ఎనిమిదేళ్ల" అన్న చోట కొట్టేసి "ఎనిమిదేళ్ల నాలుగు నెలల" అని దిద్దాడు.

"మిగతాదంతా సరిగ్గా ఉంది," అని సంతకం పెట్టాడు.

ఇంటర్వ్యూ రోజున నేను తోడు వెళ్లాను. సంస్థ భవనం మూడో అంతస్తులో నడవా. నడవాలో వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు. కమిటీ గది తలుపుకు గడియ సరిగా పడదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా నేను స్వయంగా విన్నది, సందులోంచి కొంత చూసింది. లోపల ముగ్గురు: తెల్ల మీసాల అధ్యక్షుడు, గణాంకశాస్త్రం చెప్పే సన్నటి మనిషి, ముప్పై అయిదేళ్లు నిండని ఒక యువ మహిళా ప్రొఫెసరు. పిన్ని నోటు పుస్తకాల సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అధ్యక్షుడు మూడు లేఖలనూ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ మళ్లీ చదివాడు.

"ఏమీ అనుకోకండి. మీ విభాగంలో ముగ్గురు ప్రొఫెసర్లకూ మీరంటే గిట్టదా?"

"లేదండి. ముగ్గురూ మంచివాళ్లే."

"మరి ఇవేమిటి? ఆ విభాగం నుంచి ఇంతవరకు నలభై మూడు లేఖలు వచ్చాయి. వాటంత స్పష్టమైన లేఖలు ఇంకెక్కడి నుంచీ రావు. మేం కళ్లు మూసుకుని నమ్ముతాం."

"ఆ నలభై మూడు మందిలో చదువు మధ్యలో మానేసినవాళ్లు ఒక్కరూ లేరు," అన్నాడు గణాంకాల ఆయన. "మిగతా కాలేజీల లేఖలతో వచ్చినవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరు మానేస్తారు. నేను లెక్క వేశాను."

"అలాంటి చేతులతో ఇలాంటి లేఖలు ఎలా రాశారు?" అన్నాడు అధ్యక్షుడు.

"అవి వాళ్లు రాయలేదండి," అంది పిన్ని. "నేను రాశాను."

"వీటినా?"

"వీటినీ, ఆ నలభై మూడింటినీ."

 లోపల నిబంధనల పుస్తకం తిరగేసిన చప్పుడు. అధ్యక్షుడు నిబంధన చదివాడు: అభ్యర్థి స్వయంగా రాసుకున్న సిఫారసు చెల్లదు.

"కానీ సార్," అన్నాడు గణాంకాల ఆయన, "వీటిలో సిఫారసు ఎక్కడుంది? ఒక్క మంచి మాట లేదు. సిఫారసే కానప్పుడు ఆ నిబంధన వర్తించదు."

"సిఫారసు కాకపోతే దరఖాస్తులో మూడు సిఫారసులు లోపించినట్టే. అప్పుడూ చెల్లదు."

"అయితే ఆ నలభై మూడూ చెల్లుతాయా?"

"అవి అభ్యర్థి రాసుకున్నవి కావుగా!"

"సంతకం పెట్టినవాళ్లు రాసినవీ కావుగా!"

ఈ దేశంలో ఎందరో న్యాయమూర్తులు ఇంతకంటే తక్కువ చిక్కుకు ఆర్నెల్ల వాయిదా వేయడం నేను చూశాను. నాకు లేచి తలుపు తోయాలనిపించింది. అంతలో అంతవరకు నోరు విప్పని మూడో గొంతు వినబడింది.

"ఒక్క విషయం అడగాలి," అంది యువ ప్రొఫెసరు. "నాదీ ఆ కాలేజీయే. నన్ను ఇక్కడ చేర్చుకున్నప్పటి లేఖ నా ఫైల్లో చూశాను. అందులో ఒక మాట ఉంది. 'ఈ అమ్మాయి పగిలిన స్లైడును దాచిపెట్టలేదు. ముక్కలను కాగితంలో పొట్లం కట్టి, పైన తన పేరు రాసి, బల్ల మీద పెట్టి వెళ్లింది.' పెద్దసార్ సంతకం. నేను పద్నాలుగేళ్లుగా అనుకుంటున్నాను, అంత పెద్దాయన నన్ను గమనించాడని. కానీ ఆ పొట్లం నేను పెట్టింది..."

"నా బల్ల మీద," అంది పిన్ని. "ఆ స్లైడు చిన్నమెదడుది. ఆ రోజు నువ్వు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చావు. అది మాత్రం రాయలేదులే."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"సార్, నాకు కోయడం నేర్పింది ఈవిడ. దిమ్మ బిరుసెక్కి పొర చిట్లిపోతుంటే దాని మీద నోటితో ఆవిరి ఊదమని చెప్పింది ఈవిడ. కనబడనిది బొమ్మలో గీయొద్దని నా చేతిలో పెన్సిలు లాక్కుంది ఈవిడ. ఈవిడ పని స్వయంగా చూసినదాన్ని నేనున్నాను. నేను రాస్తాను లేఖ."

"మీరు కమిటీలో ఉన్నారు," అన్నాడు అధ్యక్షుడు. "సాక్షీ మీరే, తీర్పరీ మీరేనా?"

"అయితే కమిటీలోంచి లేస్తున్నాను."

"లేస్తే ఇద్దరమే మిగులుతాం. ముగ్గురు లేకపోతే సమావేశం చెల్లదు."

గణాంకాల ఆయన నిబంధనల పుస్తకాన్ని మళ్లీ వెతికాడు. మూడో సభ్యుడు ఖాళీ అయితే సంస్థ ఉద్యోగుల్లో "పుస్తక జ్ఞానం గల ఎవరినైనా" కూర్చోబెట్టవచ్చని ఒక పాత సవరణ దొరికింది. సమావేశం ముగిసేలోపు, అంటే ఆ రోజు ఒంటిగంటలోపు, మూడు లేఖలకు బదులు పని ఎరిగిన ఒక్కరి లేఖ అందినా పరిగణించవచ్చని ఇంకో సవరణ. కింది అంతస్తు నుంచి లైబ్రేరియన్‌ను పిలుచుకొచ్చారు. ఆయన చేతిలో ఇంకా తేదీ ముద్ర ఉంది. ఎందుకు పిలిచారో చెబితే తల ఊపి కూర్చుని, పిన్ని సంచీ వైపు చూపించాడు.

"ఆ పుస్తకాలేమిటి?"

అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. పిన్ని పదకొండు నోటు పుస్తకాలూ బల్ల మీద పెట్టింది. లైబ్రేరియన్ మొదటిది తెరిచి చదవడం మొదలుపెట్టాడు. చదివేవాడు ఉండేసరికి మిగతా ఇద్దరూ వంగి చూడక తప్పలేదు. "కుడివైపు ఈ లెక్క ఎన్నిసార్లు పెట్టారు?" అని గణాంకాల ఆయన అడిగాడు. "మూడుసార్లండి. మూడూ కలవకపోతే నాలుగోసారి," అంది పిన్ని. ఇంకేవో అడిగారు. ఆమె చెప్పింది. "ఈ తేడా ఎందుకో మీకేమనిపిస్తుంది?" అన్నప్పుడు మాత్రం, "తెలియదండి. అందుకే వచ్చాను," అంది.

పన్నెండు గంటలకు పిన్నిని బయట కూర్చోమన్నారు. నడవా చివర కుర్చీలో యువ ప్రొఫెసరు అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చుని ఉంది. కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చుట్టూ మూడు కాగితాలు ఉండలు చుట్టి ఉన్నాయి. పన్నెండుంబావుకు ఆమె తలెత్తి, కొంచెం సిగ్గుపడుతూ అంది:

"అక్కా, ఏమీ అనుకోకండి. నేనెప్పుడూ సొంతంగా... మీరు ఒక్కసారి డ్రాఫ్టులాగా..."

పిన్ని చేయి కాగితం వైపు సగం దూరం వెళ్లింది. పదిహేడేళ్ల అలవాటు కదా. నేను ఆ చేయి పట్టుకోవలసి వస్తుందేమో అనుకున్నాను. కానీ అది తనంతట తానే ఆగి, వెనక్కి వచ్చి, సంచీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. నువ్వు చూసింది నువ్వే రాయి. చూడనిది రాయకు. నేను అటు తిరిగి కూర్చుంటాను."

నిజంగానే కుర్చీ తిప్పుకుని గోడ వైపు ముఖం పెట్టి కూర్చుంది. వెనక కలం కాగితం మీద నడిచే చప్పుడు. ఆగినప్పుడల్లా పిన్ని భుజాలు బిగుసుకునేవి. ఒకసారి ఆమెకు తుమ్ము వచ్చింది. లేచి, మెట్లు దిగి, బయటికి వెళ్లి తుమ్మి వచ్చింది.

ఒంటిగంటకు నాలుగు నిమిషాల ముందు కవరు మూతపడింది, మడతకు అడ్డంగా సంతకం పడింది, లోపలికి వెళ్లింది.

మూడు వారాలకు సీటు వచ్చింది. పెద్దసార్ కుర్చీలోంచి ఈసారి పూర్తిగా లేచి అభినందించాడు. "మా సిఫారసులు ఊరికే పోతాయా!" అన్నాడు. ఆ వెంటనే, ఆమె స్థానంలో ఇంకొకరిని నియమించమని ప్రిన్సిపాలుకు లేఖ వెళ్లాలి కనుక, డ్రాఫ్టు రాసుకురమ్మన్నాడు. పిన్ని రాసిచ్చింది. కావలసిన అర్హతల్లో మొదటిది, తుమ్మును గది బయటిదాకా ఆపుకోగలగడం. ఆయన సంతకం పెట్టాడు. ఆ ప్రకటన అలాగే పత్రికలో వచ్చింది.

ఆ మూడో అంతస్తు నడవాలో రాసిన లేఖ ఇప్పుడు పిన్ని ఫైల్లో ఉంది. ఫైలు ఆఫీసులో ఉంది. విద్యార్థి కోరితే తన ఫైలు చూసుకునే హక్కు ఉందని నిబంధన చూపించి మరీ చెప్పాను. వినదు. ఆ విభాగం మనుషుల మీద పదిహేడేళ్లలో రాసిన సిఫారసుల్లో తాను చదవనిది అదొక్కటేనట.

"ఎన్ని పేజీలుందో కనుక్కోరాదూ?" అంది మొన్న, చెప్పులు వేసుకుంటూ. ఉదయం తొమ్మిదింటి క్లాసుకు ఆలస్యమవుతోంది.

కనుక్కున్నాను. రెండున్నర.

"రెండున్నరా?" అంది. గడపలో కాసేపు నిలబడి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిపి, మెట్లు దిగింది.